బుధవారం ఒక్కపొద్దు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: హాల్లో చేతుల కుర్చీలో బాపమ్మ, ఆమె పక్కన పేపరు పట్టుకుని తాత, డ్యూటీకి వెళ్లబోతూ షర్టు గుండీలు పెట్టుకుంటున్న చిన్నబాపు, కాలేజీ మానేసి వంటింట్లో నేను. చిన్నమ్మ తెల్లవారగానే వెళ్లిపోయింది కాబట్టి ఆమెను ఇంట్లో ఉన్నట్టు రాయాలో లేదో తెలియలేదు. ఆమె బ్యాగులో వచ్చిన రెండు మూడు సన్న ఈగలు మాత్రం అరటిపండ్ల మీద తిరుగుతున్నాయి. వాటిని కూడా రాస్తున్నాను. మా ఇంట్లో జరిగే గొడవల్లో సగం ఆ ఈగల గురించే కదా.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు పద్మశ్రీ. హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తుంది. ఆమె భర్త, మా చిన్నబాపు ఉమామహేశ్వర్, ఉప్పల్ ఫ్యాక్టరీలో ఇంజినీరు. తాత, బాపమ్మ ఆయన అమ్మానాన్నలు. మోత్కూరు దగ్గర మా ఊరి బడిలో నేను పదో తరగతి పాసైతే, నాచారంలో ఇంటర్ చదివిస్తామని తీసుకొచ్చారు. వచ్చేముందు మా అమ్మ నా జడ వేస్తూ, "చిన్నమ్మ నీ చదువు సూసుకుంటది, నువ్వు జర చిన్నమ్మ ఇల్లు సూసుకో" అని చెప్పింది. చదువు రోజుకు కొన్ని గంటలే ఉంటుందని, ఇల్లు మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంటుందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. చిన్నమ్మకు అది ఎప్పుడో తెలుసు. పొద్దున లేచి అందరికీ వండి, బాపమ్మకు తల దువ్వి, చిన్నబాపు టిఫిన్ డబ్బా కట్టి, అప్పుడు ల్యాబ్‌కు వెళ్తుంది. సాయంత్రం ఆమె వచ్చి చెప్పులు విప్పకముందే, "చాయ్ ఉన్నదా?" అని చిన్నబాపు అడుగుతాడు. ఆయన చెడ్డవాడని కాదు. ఆ మాట అడగడానికి ఆయనకు ఇంకొకరు గుర్తురారు, అంతే.

ఇవాళ చిన్నమ్మ వైవా. అంటే ఇన్నేళ్లుగా చేసిన పరిశోధన గురించి పెద్ద సార్ల ముందు నిలబడి చెప్పి, వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. నెగ్గితే పేరు ముందు డాక్టర్ వస్తుంది. నెగ్గాక అదే ల్యాబ్‌లో మూడేళ్ల ప్రాజెక్టు కూడా ఉంది. చేరేదీ లేనిదీ ఇవాళే చెప్పాలి. రాత్రి అన్నాల దగ్గర ఆ సంగతి ఎత్తితే చిన్నబాపు ముద్ద కలుపుతూనే అన్నాడు: "రేపటిదాక అయితే పొయ్యిరా. ఎనిమిదేండ్లు ఆగినం, ఇంకొక్కరోజు ఆగలేమా? గని రేపు నువ్వు లేనప్పుడు అమ్మకు మల్ల కాళ్లు పట్టుకున్నయనుకో, ఆ మూడేండ్ల ముచ్చట నా ముంగట తియ్యకు." ఆయన పళ్లెంలో బెండకాయ కూర అయిపోతే చిన్నమ్మ ఇంకో గరిటె వేసింది. ఆ గరిటెను చూస్తూ నేను అనుకున్నాను, ఈ ఇంట్లో ఆమెకు కోపం వచ్చినా అది ఎవరో ఒకరి పళ్లెంలోకే వెళ్తుందని.

బాపమ్మకు పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుంది. కానీ వణుకు పెద్ద బాధ కాదు, కాళ్లు ఆగిపోవడమే బాధ. నడుస్తూ నడుస్తూ హాలు మధ్యలో నిలబడిపోతుంది, ఎవరో పాదాలను నేలకు అతికించినట్టు. అప్పుడు ఆమె కళ్లు మాత్రం తిరుగుతుంటాయి, ఎవరైనా చూస్తున్నారా అని. గోలి వేసుకుని అది పనిచేస్తే మళ్లీ నడుస్తుంది, బియ్యంలో రాళ్లు కూడా ఏరుతుంది, ఏరుతూ చిన్నమ్మను తిడుతుంది. తిట్టడం మొదలైందంటే గోలి పట్టిందని మాకు గుర్తు.

ఆమె తిట్లలో ఎక్కువ భాగం ఈగల మీదే. చిన్నమ్మ పరిశోధన చేసేది పండ్ల మీద ముసిరే ఆ సన్న ఈగల మీద. వాటికి మక్కపిండి, చక్కెర, ఈస్టు కలిపి ఉడకబెట్టి జావ పోయాలి. ఆడ ఈగలను పుట్టిన కొన్ని గంటల్లోనే మగవాటి నుంచి వేరు చేయాలి. వాటికి ఆదివారం లేదు, పండుగ లేదు. బతుకమ్మ నాడు కూడా చిన్నమ్మ ఒకసారి వెళ్లి వచ్చింది. "అత్తకు అన్నం మాడిపోయినా ఫికర్ లేదు గని ఈగలకు జావ మాడొద్దు. ఏం కోడలే తల్లీ, ఈగలకు ఆడబిడ్డల పురుళ్లు గూడ ఈమెనే పోస్తది!" అని బాపమ్మ అంటే తాత పేపరు వెనక నవ్వేవాడు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చేది.

ఒక ఆదివారం చిన్నమ్మ నన్ను వెంట తీసుకెళ్లింది. ల్యాబంతా ఉడికిన మక్కపిండి వాసన. ఒక గాజు గొట్టం తీసి బల్ల మీద మెత్తగా తట్టింది. ఈగలన్నీ అడుగుకు పడిపోయి, వెంటనే గోడ పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఇంకో గొట్టం తట్టింది. అవి అడుగునే కూర్చున్నాయి. ఒకటి రెండు కొంచెం ఎక్కి జారిపోయాయి. నాకు మా హాలు మధ్యలో నిలబడిపోయే బాపమ్మ గుర్తొచ్చింది.

"గవి ఎందుకు ఎక్కుతలేవు చిన్నమ్మా?"

"వాటికి మెదడుల చెత్త పేరుకున్నది," అంది చిన్నమ్మ. "మన మెదడుల ఒక్కో కణం రోజూ ప్రోటీన్లు తయారు జేసుకుంటది. పాతబడ్డయి, వంకరపోయినయి ఏరి పారేసుడు గూడ దాని పనే. ఎంత తయారు జేసుకోవాలె, ఎంత పారెయ్యాలె అని రోజూ సూసుకుంటనే ఉండాలె. వయసు మీదపడ్డకొద్ది ఆ ఊడ్సుడు తగ్గుతది. ఒక రకం ప్రోటీన్ ఉండలు కట్టి మూలకు పడి ఉంటది. ఉండలు ఎక్కువైతే ఆ కణమే సచ్చిపోతది. కాలు కదుపు, చెయ్యి కదుపు అని చెప్పే కణాలు గట్ల పోయినయనుకో, అదే మీ బాపమ్మ రోగం."

"అంటే లోపల ఊడ్చేటామె అలసిపోయినట్టా?"

చిన్నమ్మ నా వైపు చూసింది. "ఆమె అలసిపోయేదాక, ఇల్లు దానంతట అదే శుభ్రంగ ఉంటదని అనుకుంటరు," అంది. తర్వాత మూడో గొట్టం తీసింది. అవీ ముసలి ఈగలే, అదే రోగం ఉన్నవే. కానీ వాటిలో చెత్తను ఏరిపారేసే ప్రోటీన్ ఒకదాన్ని చిన్నమ్మ కొంచెం పెరిగేలా చేసిందట. తట్టింది. అవి పడ్డాయి. కాసేపు కదల్లేదు. తర్వాత ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆగి ఆగి, కానీ జారకుండా, పైదాకా ఎక్కాయి. చిన్నమ్మ నన్ను చూడటం మరిచిపోయింది. ముఖం గాజుకు ఆనించి, "ఇవి నావి" అంది. మా ఇంట్లో ఆమె ఆ మాట దేని గురించీ అనగా నేను వినలేదు. గిన్నెలు అత్తవి, బండి చిన్నబాపుది, ఇల్లు తాతది. పైకెక్కే ఆ ముసలి ఈగలు మాత్రం ఆమెవి. నాకు ఆ రోజు ఎంత గర్వమనిపించిందో డైరీలో రాయబోయి, మాటలు సరిపోక ఒక గొట్టం బొమ్మ గీసి వదిలేశాను.

"మరి బాపమ్మకు గూడ గట్ల జెయ్యరాదా?" అని అడిగాను. "ఇది ఈగల ముచ్చట బిడ్డా. మనుషులదాక రావాలంటే నా అసుంటోళ్లు మస్తుమంది, మస్తు ఏండ్లు పనిజెయ్యాలె. అప్పటిదాక మీ బాపమ్మకు గోలే దిక్కు. ఆ గోలి కడుపులకెల్లి మెదడుకు పోనిస్తే గద!" అంది.

గోలి ఎందుకు పోదంటే, పాల వల్ల. మా ఇంట్లో మందు ఏదైనా పాలతోనే వేసుకోవాలి. ఉత్త కడుపున వేస్తే వేడి చేస్తుందని, పేగులు కాలుతాయని తాత నమ్మకం. అందుకని పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లి బర్రెపాలు పోయించుకుని వచ్చి, తనే కాచి, గిలాసలో పోసి, గోలితో పాటు బాపమ్మ నోటికి అందిస్తాడు. పాలల్లో, గుడ్డులో, పప్పులో ఉండేదీ ప్రోటీనే. అది కరిగి, గోలి ఎక్కాల్సిన చోటే ఎక్కుతుంది. చిన్నమ్మ దాన్ని నాకు ఉప్పల్ రింగురోడ్డు కాడ బస్సు లెక్క చెప్పింది. మెదడుకు పోయే బస్సు ఒకటే. పాలతో వచ్చిన గుంపు తోసుకుని ఎక్కేస్తుంది, గోలి స్టాపులో నిలబడిపోతుంది. గోలి నీళ్లతో వేసి, అరగంట ఆగి అన్నం పెట్టి, పాలూ గుడ్లూ రాత్రికి ఉంచితే చాలు. డాక్టరు కూడా ఇదే చెప్పాడు. డాక్టరు చెప్పిన మాట మా ఇంట్లో కొద్ది రోజులు నడిచింది, తర్వాత పాలగిలాస మళ్లీ వచ్చింది. ఆ తర్వాత చిన్నమ్మ చెప్పింది. చిన్నమ్మ చెబితే అది మందు సంగతి కాలేదు, కోడలి సంగతి అయింది. అంబర్‌పేట్ నుంచి చిన్నబాపు అక్క, సుశీల అత్తమ్మ, ఫోన్ చేసి అడిగింది: "మా అమ్మకు పాలు బంద్ పెట్టినవంట గద పద్మా? అంత కరువొచ్చిందా?" పక్కింటావిడ గోడ మీది నుంచి చిన్నమ్మను అదోలా చూసింది. అన్నీ విన్న చిన్నబాపు, "ఎందుకొచ్చిన లొల్లి, తాగనియ్యరాదు" అన్నాడు. ల్యాబ్‌లో పెద్ద సార్లు కూడా రాసుకునే మాట ఇంట్లో పాలు మిగుల్చుకునే పిసినారితనం ఎట్లా అవుతుందో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

బాపమ్మకు శనివారం ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినదు, రాత్రి ఒక్కపూటే అన్నం. ఆ రోజు గోలీలు కూడా ఉత్త నీళ్లతోనే. ఆ రోజు ఆమె చకచకా నడుస్తుంది. దేవుని మహిమ అని తాత అంటాడు. ఈ మధ్య సోమవారం కూడా పట్టింది, తర్వాత గురువారం. ముసలితనంలో భక్తి ఎక్కువైందని సుశీల అత్తమ్మ నలుగురికీ గొప్పగా చెప్పుకుంది. చిన్నమ్మ మాత్రం ఒకసారి బాపమ్మను నేరుగా అడిగింది: "ఒక్కపొద్దు రోజులల్ల మీకు కాళ్లు మంచిగ వస్తున్నయి, సూసిన్రా అత్తమ్మా?" బాపమ్మ మొహం పక్కకు తిప్పుకుని, "స్వామి దయ" అంది.

ఇవాళ బుధవారం. ఒక్కపొద్దు లేదు.

చిన్నమ్మ నీలం అంచు నేతచీర కట్టుకుంది. తాత పాలకు వెళ్లి వచ్చేలోపే పొద్దుటి గోలి తనే నీళ్లతో ఇచ్చి, బాపమ్మ నడవడం చూసి బయల్దేరింది. మెట్ల కాడ ఆగి నా రెండు చేతులూ పట్టుకుంది. "పగటి గోలి నీ చేతుల ఉన్నది హిమజా. నీళ్లతోనే ఇయ్యాలె. అరగంట దాక ఏం పెట్టొద్దు. ఎవరేమన్నా సరే." ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. సరేనని తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు. మా బడిలో సారు ప్రశ్న అడిగితే జవాబు నా నాలుక చివర ఉండేది, పక్క పిల్ల చెప్పేదాకా అక్కడే ఉండేది. "నోరున్న పిల్లను ఎవరు జేసుకుంటరే?" అని మా అమ్మ అనేది. ఇక్కడ కాలేజీలో నేను 'గట్లనా' అంటే నవ్వుతారని ఆ కాస్త నోరు కూడా మూసుకున్నాను. ఎవరేమన్నా సరే అంటే, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని చిన్నమ్మకు తెలుసు. నేను ఏం అనాలో మాత్రం చెప్పి వెళ్లలేదు.

పగటి గోలి వేళకు ముందే సుశీల అత్తమ్మ వచ్చింది. కోడలు లేని రోజు కదా, అమ్మను చూసుకుందామని మేక కాళ్లతో పాయ వండి స్టీలు క్యారియర్‌లో తెచ్చింది. వస్తూనే, "ఉప్పల్ల మెట్రో గుంతలు తవ్వి తవ్వి సంపుతున్నరే! ఆటోల నడుము ఇరిగింది" అని క్యారియర్ మూత తీసింది. మిరియాల వాసన ఇల్లంతా నిండింది. బాపమ్మకు గోలి పట్టు తగ్గుతున్నట్టుంది, మెడ బిగుసుకుని, మాట సన్నగా వస్తోంది. తాత అప్పుడే వంటింట్లో పాలు కాచి గిలాసలో పోసి తెచ్చాడు. నేను ఒక చేతిలో గోలి, ఇంకో చేతిలో నీళ్ల గిలాసతో కుర్చీ పక్కన నిలబడ్డాను. తాత ఆ పక్కన పాలతో నిలబడ్డాడు.

"ముందుగాల పాయ తాపు నాయినా, బలమొస్తది. పాలతోని గోలెయ్యి," అంది అత్తమ్మ.

గిలాసలో నీళ్లు వణుకుతుంటే, బాపమ్మ చెయ్యే వణుకుతోందేమో అనుకున్నాను. వణుకుతున్నది నాదే.

"పాలొద్దు తాతా," అన్నాను.

"ఏందే?" అంది అత్తమ్మ.

"పాలొద్దు. పాయొద్దు. నీళ్లతోనే వెయ్యాలె. అరగంట ఆగాలె." తర్వాత ఏం చెప్పాలో తెలియక, తెలిసిందే చెప్పాను. "బస్సు ఒకటే ఉంటది. పాలు ముందుగాల ఎక్కుతే గోలికి జాగ దొరకదు."

అత్తమ్మ పకపకా నవ్వింది. "ఓయమ్మో, ఇంకో డాక్టరమ్మ! ఏ బస్సు బిడ్డా, మీ మోత్కూరు బస్సా? మీ చిన్నమ్మ నూరిపోసిందా? అక్కడ ఈగలకు జావ పోసుడు, ఇక్కడ మా అమ్మను ఎండబెట్టుడు!"

తాత నవ్వలేదు. గిలాసలోకి చూస్తూ, "నా చేతి పాలు ఇషమా బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు నేను దాదాపు చెయ్యి దించేశాను. అత్తమ్మ తిట్టినా తట్టుకోగలను. తాత అట్లా అడిగితే ఏం చెప్పను? ఆయన ప్రేమతో చేస్తున్న పనిని తప్పని చెప్పాలి, అదీ నేను, ఆయన ఇంట్లో తింటూ. ఎన్నోసార్లు చిన్నమ్మ ఈ కుర్చీ పక్కనే ఇట్లాగే నిలబడి ఉంటుంది కదా అని అప్పుడు తోచింది. తెలిసిన మాట నోట్లో పెట్టుకుని, ఎవరినీ నొప్పించకుండా చెప్పే దారి వెతుక్కుంటూ, దొరక్క, చివరికి కూర వడ్డించి వెళ్లిపోతుంది.

అదే సమయంలో చిన్నబాపు భోజనానికి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే సంగతంతా అక్క నోట విన్నాడు. అలసటగా నా వైపు చూసి అన్నాడు: "హిమజా, ఊకె లొల్లి వద్దు. పాలిచ్చెయ్యి. ఆమె డిగ్రీ కొరకు మా అమ్మ మీద ప్రయోగాలెందుకు? కాళ్లు పట్టుకుంటే ఎవరు జవాబు జెప్తరు?"

"పాలు తాగితేనే పట్టుకుంటయి చిన్నబాపూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ప్రయోగం గాదు. డాక్టరు గూడ జెప్పిండు, మీరు ఇన్నరు. నేను పాలియ్య."

నేనింత పెద్ద మాట అన్నానా అని భయం వేసింది. ఊరికి పంపించేస్తారా, మా అమ్మకు ఏం చెప్పాలి అని కూడా. కానీ చెయ్యి దించలేదు. అత్తమ్మ విసుగ్గా తాత చేతిలోని పాల గిలాస తీసుకుని బాపమ్మ పెదాలకు ఆనించబోయింది.

బాపమ్మ మెడ తిప్పుకుంది. "నాకియ్యాల ఒక్కపొద్దు," అంది.

"ఇయ్యాల బుధారమే అమ్మా! బుధారం ఏ దేవునికే ఒక్కపొద్దు?"

"ఏ దేవునికి గాదు. నాకే."

అత్తమ్మ చేతిలో గిలాస అట్లాగే గాల్లో ఉండిపోయింది. బాపమ్మ నా వైపు నోరు తెరిచింది. నేను గోలి నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించాను. మింగి, ఊపిరి తీసుకుని, ఆమె తాతతో మాట్లాడటం మొదలుపెట్టింది. గోలి పట్టులో లేనప్పుడు ఆమె మాట సన్నగా, ఒకే తీరున వస్తుంది. అందరం వంగి వినాల్సి వచ్చింది.

"పెండ్లయినకాడికెల్లి నేను నీకు నీళ్లిచ్చుడే గని నువ్వు నాకు ఒక్క గిలాస ఇచ్చింది లేదు. చెయ్యి వణకవట్టినంక పాలు కాగబెట్టి తెస్తివి. నాకు పట్టుకోరాకుంటే నువ్వే పట్టుకొని తాపితివి. వద్దంటే మల్ల తెస్తవో తేవో అని తాగిన. తాగినంక కాళ్లు కదలకున్నా తాగిన. శనారం నాడు తాగకుంటే మంచిగ నడుస్తున్నని నాకు ఎన్నడో ఎరుకైంది. అందుకే సోమారం పట్టిన, బేస్తారం పట్టిన. దేవుని పేరు జెప్తే ఎవ్వరూ బలిమికి తాపరు గద."

"మరి పద్మ జెప్పినప్పుడు అవునని అనకపోతివి ఎందుకమ్మా?" అన్నాడు చిన్నబాపు.

"ఎట్లంట? కోడలు గెలుస్తది గద!" అంది బాపమ్మ. మెడ బిగుసుకుని ఉన్నా మూతి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వు. "ఆమె గెలుసుడు నాకు బుద్ధి కాలే. ఇయ్యాల గీ పోరి గజగజ వణుక్కుంటనే ఎదురు మాట్లాడె. నాకు సిగ్గయింది."

తాత మెల్లగా మంచం అంచు మీద కూర్చున్నాడు. "అయితే నన్ను పాలు తేవొద్దంటవా?" అని అడిగాడు, చిన్నపిల్లవాడిలా.

"రాత్రికి తే. తిన్నంక తాగుత. పగటికి నీళ్లు తే. నువ్వు తెచ్చిన నీళ్లయినా నాకు గంతే."

ఇక అరగంట ఆగాలి. నేను కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. గోలి ప్రతిసారీ పనిచేస్తుందని చిన్నమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఈ రోగం దొంగది, ఒక్కో రోజు ఒక్కో తీరుంటుందని చెప్పింది. ఇవాళే అది పట్టకపోతే? నేనన్న మాటలన్నీ, చిన్నమ్మ ఎనిమిదేళ్లూ, ఆ కుర్చీలో కదలకుండా ఉండిపోతాయి. అత్తమ్మ పాయ క్యారియర్ మూత పెట్టి, కొంగుతో విసురుకుంటూ గడియారం వైపు చూస్తోంది. చిన్నబాపు అన్నం పెట్టమని అడగలేదు. తనే వంటింట్లోకి వెళ్లి పళ్లెం పెట్టుకున్నాడు. గరిటె ఎక్కడుందో దొరకలేదు, చప్పుడు వినిపిస్తోంది. నేను లేవలేదు. లేవకుండా ఉండటానికి నాకు చాలా బలం కావాల్సి వచ్చింది.

అరగంట కావస్తుండగా టీవీ పక్కన పెట్టిన ఫోన్ మోగింది. నేను లేవబోయేలోపు బాపమ్మ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించింది. లేచింది. ఒక అడుగు, ఆగి ఇంకొకటి. తర్వాత ఆగలేదు. వెళ్లి ఫోన్ ఎత్తింది. చెవి దగ్గర అది వణుకుతూనే ఉంది.

"నేనే... ఆ, నేనే ఎత్తిన. లేసి ఎత్తిన. మంచిగనే ఉన్న, నాకేమయితది? నీది ముందుగాల చెప్పు... అయిపాయెనా? ఏమన్నరు?" విన్నది. కళ్లు పెద్దవయ్యాయి. ఫోన్ కొంచెం పక్కకు తీసి మాతో, "డాక్టరు అయిందంట," అంది. మళ్లీ ఫోన్‌లో: "ఏడుస్తవెందుకే? ముసలి ఈగలను గోడెక్కించినవంట గద, నలుగురు సప్పట్లు కొడితే నవ్వాలె... ఇగో, ఆ మూడేండ్లదానికి ఒప్పుకొని రా. ఎవర్నడుగుతవ్? నేను జెప్తున్న." చిన్నబాపు ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి రెండో చెయ్యి చాపాడు. బాపమ్మ ఫోన్ ఇవ్వలేదు. మాటలు అయిపోయాక ఇచ్చి, "రేపటిసంది పగటి గోలి మీ నాయిన ఇస్తడు. ఆదివారం నువ్వియ్యి. పిల్ల కాలేజికి పోవాలె," అంది. చిన్నబాపు ఏదో అనబోయాడు. తాత, "ఇస్త తియ్యి," అన్నాడు. అత్తమ్మ నా వైపు చూసి, "నోరులేని పిల్ల అనుకున్నమే," అని గొణిగింది. అది తిట్టో మెచ్చుకోలో నాకు తెలియలేదు. రెండూ అయినా ఫరవాలేదనిపించింది.

"డాక్టరమ్మ వచ్చేవరకు జర మనిషి లెక్క ఉండాలె. తానం జేస్త," అంది బాపమ్మ. బీరువాలోని గద్వాల చీర తీయమంది. తీసి, టవల్ భుజాన వేసుకుని, రోజూ లాగే ఆమె వెనకాల నడిచాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. దసరా ముందు బాపమ్మ బాత్రూంలో పడిపోయింది. అప్పటి నుంచి ఆ తలుపు వేయనివ్వడం లేదు. నేను లోపల స్టూలు మీద కూర్చుంటాను. తలుపుకు ఒక పరదా. పరదా అవతల హాలు, టీవీ, తాత, చిన్నబాపు, ఒక్కోసారి ఆయన దోస్తులు. బాపమ్మ లంగా కట్టుకునే, గోడ వైపు తిరిగి, నీళ్ల చప్పుడు కూడా రాకుండా పోసుకుంటుంది. ఇంటిల్లిపాదినీ తిట్టే ఆమె ఈ సంగతి మీద ఒక్కమాట అనలేదు. నేనూ అడగలేదు. నాకు పదహారేళ్లు. నేను తలుపు వేసుకుని స్నానం చేస్తాను, అది కూడా ఒక సుఖమని నాకెప్పుడూ తోచలేదు.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. కాళ్లు పట్టుకున్నాయేమో అనుకున్నాను. కాదు. వెనక్కి తిరిగింది. నా భుజం మీది టవల్ తీసుకుంది, చేతిలోని చీర తీసుకుంది.

"నువ్వెందుకే ఎంబడి? ఆణ్నే ఉండు."

"పడ్తవేమో బాపమ్మా!"

"పడితే పిలుస్త."

వణుకుతున్న చెయ్యితోనే పరదాను పక్కకు లాగేసి, నా మొహం మీదే తలుపు వేసింది. కొంతసేపు లోపల ఇనుము చెక్కను గీకుతున్న చప్పుడు, వేళ్లు దొరకబుచ్చుకోలేక జారుతున్న చప్పుడు. హాల్లో అందరూ ఇటే చూస్తున్నారు.

గొళ్లెం పడింది.